మగతనం సీసాలో దొరకదు

బస్సెక్కి ఏ ఊరు వెళ్ళినా రోడ్డు పక్క గోడల మీద ఒక రకం ప్రకటనలు కనిపిస్తాయి. "నరాల బలహీనత", "పురుష శక్తి", "సంతానం లేనివారికి గ్యారంటీ వైద్యం" అంటూ పెద్ద పెద్ద అక్షరాలు, వాటి కింద ఒక ఫోను నంబరు. పెద్దవాళ్ళు వాటిని చూసీ చూడనట్లు ముఖం తిప్పుకుంటారు. పిల్లలు మాత్రం చదువుతారు. చదువు వచ్చిన ప్రతివాడూ చదవాలనే కదా వాటిని గోడల మీద రాసేది!

ఇదే విషయాన్ని శాస్త్రీయంగా చెప్పే పాఠం మీ జీవశాస్త్రం పుస్తకంలో ఉంది. కాని ఆ పాఠం వచ్చేసరికి చాలా తరగతుల్లో "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేస్తారు. అంటే ఏమైందన్నమాట? మగతనాన్ని గురించి పిల్లలకు పాఠం చెప్పే పని బడి వదిలేసింది, గోడ పుచ్చుకుంది.

గోడ చెప్పే పాఠం ఏమిటి? మగతనం అనేది ఒక సత్తువ. అది కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. తక్కువైనవాళ్ళు సీసాలోంచి పోసుకుని నింపుకోవచ్చు. ఇదీ ఆ పాఠం. ఇది మొదటినుంచీ చివరిదాకా తప్పు. పురుష హార్మోను సత్తువ కాదు, అది ఒక కబురు. ఆ కబురు విని పనిచేసేవి కణాల్లోని జన్యువులు. ఈ ఒక్క సంగతి సరిగ్గా అర్థమైతే గోడ మీది మందులు కొనేవాళ్ళు తగ్గుతారు, కండల కోసం సూదిమందు పొడిపించుకునే కుర్రాళ్ళు తగ్గుతారు, పిల్లలు పుట్టలేదని కోడల్ని సాధించే ఇళ్ళూ తగ్గుతాయి. అందుకే ఈ పాఠాన్ని దాటెయ్యకూడదని నా వాదన. ఊరికే వాదించడం కాదు, ఆ సంగతి ఏమిటో కూడా చూద్దాం.

కోడిపుంజులు చెప్పిన నిజం

రైతుబిడ్డలకు ఒక విషయం చిన్నప్పటినుంచీ తెలుసు. విత్తులు నొక్కించిన కోడె ఎద్దవుతుంది, నొక్కించకుండా వదిలేసింది ఆంబోతవుతుంది. ఎద్దు నెమ్మదిగా కాడి మోస్తుంది. ఆంబోతు దగ్గరికి వెళ్ళాలంటే భయం. విత్తులంటే వృషణాలే. ఎక్కడో ఉన్న వృషణాలకూ, పశువు మెడకూ, మూపురానికీ, కోపానికీ ఏమిటి సంబంధం?

1849లో జర్మనీలోని గాటింగెన్ పట్టణంలో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు కోడిపుంజుల మీద ఒక ప్రయోగం చేశాడు. కొన్ని పుంజుపిల్లల వృషణాలు తీసేశాడు. వాటికి నెత్తిమీద ఎర్రని జుట్టు సరిగా పెరగలేదు, పుంజుల్లా కూత రాలేదు, పోట్లాట మీద మోజు పోయింది. మరికొన్నిటికి వృషణాన్ని తీసి కడుపులోనే వేరే చోట పెట్టాడు. దాని నరాలు తెగిపోయాయి. కొత్త రక్తనాళాలు మాత్రం దాని చుట్టూ అల్లుకున్నాయి. ఆ పుంజులు మామూలు పుంజుల్లాగే పెరిగాయి, కూశాయి, పోట్లాడాయి. అంటే వృషణం నుంచి ఏదో రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతోందన్నమాట. ఇలాంటి పదార్థాలకు "హార్మోను" అనే పేరు ఆ తర్వాత ఎప్పటికో, 1905లో, ఇంగ్లండుకు చెందిన స్టార్లింగ్ పెట్టాడు.

రక్తంలో తిరిగే పదార్థం ఒకటి ఉందనగానే దాన్ని సీసాలో పట్టాలనే ఆశ కూడా పుట్టింది. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు కుక్కల, గినీపందుల వృషణాలను నూరి, నీళ్ళలో రసం తీసి, ఆ రసాన్ని తనకు తానే సూదితో ఎక్కించుకున్నాడు. అప్పటికాయన వయసు 72. తనకు పడుచుదనపు బలం తిరిగి వచ్చిందని సభలో ప్రకటించాడు. ఇంకేముంది! దేశదేశాల్లో అలాంటి రసాల వ్యాపారం సాగింది. కాని పురుష హార్మోను నీళ్ళలో దాదాపుగా కరగదు. పైగా వృషణం దాన్ని నిలవ చేసుకోదు, తయారైంది తయారైనట్లు రక్తంలోకి పంపేస్తుంది. కనుక ఆ రసంలో హార్మోను ఉన్నా లేనంతే. ఆయనకు కలిగిన బలం నమ్మకం వల్ల కలిగింది. అంతటి శాస్త్రజ్ఞుడే తన అనుభవాన్ని నమ్మి పొరబడ్డాడంటే, "నేను వాడాను, నాకు పనిచేసింది" అనే మాటకు ఎంత విలువ ఇవ్వాలో ఆలోచించండి.

అసలు హార్మోను 1935లో దొరికింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకర్ బృందం దాదాపు 100 కిలోల ఎద్దు వృషణాలనుంచి కేవలం 10 మిల్లీగ్రాముల స్ఫటికాలు తీసింది. దానికి టెస్టోస్టిరోను అని పేరు పెట్టారు. అదే సంవత్సరం బుటెనాంట్, రుజిక్కా దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1939 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఆ ఇద్దరికీ కలిపి ప్రకటించారు. పేరుకు పురుష హార్మోనే గాని, స్త్రీల శరీరంలోనూ ఇది కొద్దికొద్దిగా తయారవుతుంది.

దండోరా ఎవరికి పనిచెబుతుంది?

పూర్వం ఊళ్ళో దండోరా వేసేవాళ్ళు. డప్పు చప్పుడు అందరికీ వినపడుతుంది. "రేపు కాలవకు నీళ్ళు వదులుతారు" అని చాటితే పొలం ఉన్నవాడు పార తీసుకుంటాడు, చాకలి బట్టల మూట కట్టుకుంటాడు, పొలమూ కాలవా పట్టనివాడు తన పని తాను చేసుకుంటాడు. డప్పులో నీళ్ళు లేవు. ఉన్నది కబురు మాత్రమే.

టెస్టోస్టిరోను సరిగ్గా అలాంటి దండోరా. అది రక్తంతోపాటు అన్ని కణాల దగ్గరికీ వెళుతుంది. కణంలోకి సులువుగా దూరిపోతుంది కూడా. అయితే ఆ కబురు వినడానికి కణంలో ఒక ప్రత్యేకమైన మాంసకృత్తు ఉండాలి. దాన్ని ఆండ్రోజన్ గ్రాహకం అంటారు. హార్మోను వచ్చి గ్రాహకానికి అతుక్కోగానే గ్రాహకం రూపం మారుతుంది. రెండూ కలిసి కణ కేంద్రకంలోకి వెళతాయి. అక్కడ డి.ఎన్.ఎ. పొడుగునా గ్రాహకం గుర్తుపట్టగల చోట్లు కొన్ని ఉంటాయి. గ్రాహకం ఆ చోట్ల కూర్చుని, పక్కనున్న జన్యువును పనిలోకి దింపుతుంది. ఆ జన్యువుకు ఆర్.ఎన్.ఎ. నకలు తయారవుతుంది, నకలును బట్టి మాంసకృత్తు తయారవుతుంది. కొన్ని జన్యువుల విషయంలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. గ్రాహకం వచ్చాక వాటి పని తగ్గిపోతుంది.

మనిషి ప్రతి కణంలోనూ సుమారు 20 వేల జన్యువులున్నాయి. ఏ కణంలో ఏవి పనిచెయ్యాలనేది ఆ కణాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఒకే టెస్టోస్టిరోను గడ్డం దగ్గర వెంట్రుకలు మొలిపిస్తుంది, గొంతు బొంగురు చేస్తుంది, కండల్లో మాంసకృత్తులు పెంచుతుంది. కబురు ఒకటే, పనులు వేరువేరు.

గ్రాహకం లేకపోతే? కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఈ గ్రాహకం పనిచెయ్యదు. వాళ్ళ కణాల్లో మగపిల్లల్లో ఉండే ఎక్స్, వై క్రోమోజోములే ఉంటాయి. లోపల వృషణాలు ఉంటాయి. రక్తంలో టెస్టోస్టిరోను కావలసినంత ఉంటుంది. అయినా వాళ్ళు చూడడానికి ఆడపిల్లలుగానే పుట్టి, ఆడపిల్లలుగానే పెరుగుతారు. అది వాళ్ళ తప్పూ కాదు, ఎవరి పాపమూ కాదు. వినే చెవి లేనిచోట డప్పు ఎంత గట్టిగా మోగినా ఒకటే.

ఇంకో చిత్రం వినండి. ఈ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు ఏ క్రోమోజోము మీద ఉందో తెలుసా? మగవాళ్ళకు మాత్రమే ఉండే వై క్రోమోజోము మీద అనుకుంటారేమో. కాదు, ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. మగపిల్లవాడికి ఎక్స్ క్రోమోజోము వచ్చేది తల్లి దగ్గరనుంచి. అంటే మగ హార్మోను మాట వినే చెవిని ప్రతి మగవాడికీ ఇచ్చింది వాళ్ళమ్మే! మీసం మెలేసేవాళ్ళు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది.

విత్తనాలు, దాదులు

ఇప్పుడు శుక్రకణాల దగ్గరికి వద్దాం. వృషణం లోపల సన్నని నాళికలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. వాటిని చివరికి చివర కలిపితే వందల మీటర్ల పొడవుంటాయి. శుక్రకణాలు తయారయ్యేది ఈ నాళికల గోడల్లోనే. నాళికల మధ్య సందుల్లో లైడిగ్ కణాలుంటాయి. టెస్టోస్టిరోను తయారుచేసేవి ఇవే. నాళికల లోపల, ఎదుగుతున్న శుక్రకణాలను ఒడిలో పెట్టుకున్నట్లుగా మరో రకం పెద్ద కణాలుంటాయి. 1865లో ఇటలీలో ఎన్రికో సెర్టోలి వీటిని వర్ణించాడు. అందుకే వీటిని సెర్టోలి కణాలంటారు. మనం దాది కణాలని పిలుచుకుందాం.

టెస్టోస్టిరోను లేకపోతే శుక్రకణాలు తయారుకావు. ఇది చాలాకాలంగా తెలుసు. మరి ఆ హార్మోను కబురు వినేది ఎవరు? శుక్రకణాలుగా మారవలసిన కణాలా, దాదులా?

1975లో ఇంగ్లండులో మేరీ లయన్, ఆమె సహచరులు దీనికి చక్కని జవాబు రాబట్టారు. గ్రాహకం పనిచెయ్యని ఎలుక పిండాన్ని, మామూలు ఎలుక పిండంతో కలిపి ఒకే ఎలుకగా పెంచారు. అలాంటి ఎలుకలో రెండు రకాల కణాలూ కలగలిసి ఉంటాయి. అందులో గ్రాహకం పనిచెయ్యని కణాలనుంచి కూడా మంచి శుక్రకణాలే తయారయ్యాయి! అంటే శుక్రకణంగా మారే కణానికి ఆ చెవి అక్కరలేదు. 2004లో బెల్జియం శాస్త్రజ్ఞులు మరో వైపునుంచి చూశారు. ఒక్క దాది కణాల్లో మాత్రమే గ్రాహకం జన్యువును తీసేసిన ఎలుకలను పెంచారు. వాటికి హార్మోను ఉంది, మిగతా శరీరమంతా మామూలుగానే ఉంది. కాని శుక్రకణాల తయారీ మధ్యలో, క్షయకరణ విభజన దగ్గర ఆగిపోయింది. దాది వినకపోతే బిడ్డ పెరగదన్నమాట.

కబురు విన్న దాది చేసే పనులేమిటి? కొన్ని జన్యువులు పనిచేసి దాదుల మధ్య సందులను మూసే మాంసకృత్తులను ఇస్తాయి. క్లాడిన్ అనే జాతి మాంసకృత్తులు ఇలాంటివి. దీనివల్ల రక్తంలో తిరిగే పదార్థాలు ఎదుగుతున్న శుక్రకణాలను ఇష్టం వచ్చినట్లు తాకకుండా ఒక గోడ ఏర్పడుతుంది. ఎలుకల్లో రాక్స్-5 అనే జన్యువు ఉంది. దాదుల్లో హార్మోను కబురుతో పనిచేసే జన్యువుల్లో ఇది బాగా తెలిసినది. దాన్ని తీసేస్తే శుక్రకణాల సంఖ్య, కదలిక రెండూ తగ్గాయి. ఇలా ఎన్నో జన్యువులు, ఒక్కొక్కటి తన వంతుకు పనిచేస్తేనే మనిషిలో సుమారు 10 వారాలకు ఒక శుక్రకణం పూర్తిగా తయారవుతుంది. ఇంత పనిని "శక్తి" అనే ఒక్క మాటలో తేల్చేసేవాణ్ణి నమ్మవచ్చునా?

నారుమడి ఎండిపోతుంది

"కబురే కావచ్చు. కబురు ఇంకాస్త గట్టిగా చెబితే పని ఇంకాస్త బాగా జరగదా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. వ్యాయామశాలల చుట్టూ తిరిగే కొందరు దళారులు యువకులకు చెప్పేది కూడా ఇదే.

ఒక ఊరు ఊహించుకోండి. బోరుబావి పక్కనే నారుమడి ఉంది. నారుకు మడి నిండా నీళ్ళు కావాలి. ఊళ్ళో ఇళ్ళకు బిందెడు చాలు. ఊరి ట్యాంకు నిండిందో లేదో చూసి మోటారు వేసే మనిషి ఒకడున్నాడు. ఇప్పుడు ఎవరో బయటినుంచి లారీలతో నీళ్ళు తెచ్చి ట్యాంకు నింపేశారు. మోటారు మనిషి చూశాడు, నిండుగా ఉంది, మోటారు కట్టేశాడు. ఇళ్ళలో బిందెలు పొంగిపొర్లుతున్నాయి. బోరు పక్కనున్న నారుమడి మాత్రం ఎండిపోయింది!

మన శరీరంలో మోటారు మనిషి మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి. అది ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే రెండు హార్మోనులు పంపుతుంది. మొదటిది లైడిగ్ కణాలను పనిచేయిస్తుంది, రెండోది దాది కణాలకు తోడ్పడుతుంది. వృషణం లోపల టెస్టోస్టిరోను రక్తంలో కన్నా పదుల రెట్లు ఎక్కువ ఉంటుంది. దాదులు పూర్తిగా పనిచెయ్యడానికి ఆ నిండుతనం కావాలి. బయటినుంచి సూదిమందు ఎక్కిస్తే రక్తంలో హార్మోను ఎక్కువైనట్లు మెదడుకు తెలుస్తుంది. పీయూష గ్రంథి తన కబుర్లు ఆపేస్తుంది. వృషణంలో తయారీ పడిపోతుంది. సూదిమందు వల్ల రక్తంలో వచ్చిన హార్మోను కండలకు సరిపోతుంది గాని, వృషణం లోపలి లోటు తీర్చలేదు. కండలు పెరుగుతాయి, వృషణాలు చిన్నవవుతాయి.

ఇది ఊహ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 7 దేశాల్లోని 10 కేంద్రాల్లో 271 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరోను సూదిమందు ఇప్పించి, 1990లో ఫలితాలు ప్రకటించింది. ఎందుకిచ్చారో తెలుసా? బలానికి కాదు, కుటుంబ నియంత్రణకు పనికివస్తుందేమో చూడటానికి! వారిలో 157 మందికి వీర్యంలో శుక్రకణం ఒక్కటి కూడా లేకుండా పోయింది. గోడ మీద "పురుష శక్తి" అని పిలిచే పదార్థం నిజానికి సంతానం కలగకుండా చేసే మందు అయిందన్నమాట. మందు ఆపితే చాలామందిలో శుక్రకణాలు తిరిగి వస్తాయి. కాని నెలలు పడుతుంది. ఇష్టం వచ్చిన మోతాదుల్లో నాలుగైదు రకాలు కలిపి పొడిపించుకున్న కొందరికి ఏడాది దాటినా రావు.

హార్మోను నిజంగా లోపించినవాళ్ళకు డాక్టర్లు పరీక్షించి టెస్టోస్టిరోను ఇస్తారు. అది వైద్యం. పరీక్ష లేకుండా, లోపం లేకుండా ఇచ్చేది వ్యాపారం.

తప్పు ఎవరి మీద వేస్తున్నాం?

మన భాషలో "గొడ్రాలు" అనే మాట ఉంది. పిల్లలు కలగని మగవాణ్ణి గురించి అంత వాడుకలో ఉన్న మాట చెప్పండి చూద్దాం. దొరకదు. భాషలోనే తీర్పు చెప్పేశాం. పెళ్ళయి నాలుగేళ్ళయినా పిల్లలు లేకపోతే మొదట ఆస్పత్రికి తీసుకెళ్ళేది కోడల్నే, మారు మనువు మాట ఎత్తేదీ ఆమెను తప్పించే. మగవాడికి పరీక్ష ఎందుకు, మీసం ఉంది, కండ ఉంది, గొంతు ఉంది!

ఇంతవరకు చదివిన మీకు ఇందులోని తప్పు తెలిసిపోయి ఉంటుంది. మీసాన్ని మొలిపించిన జన్యువులు వేరు, శుక్రకణాన్ని పెంచే జన్యువులు వేరు. లైడిగ్ కణాలు చక్కగా పనిచేస్తూ, నాళికల్లో మాత్రం శుక్రకణాలు తయారుకాకపోవచ్చు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు వీర్యంలో శుక్రకణాలు లేని 340 మంది భారతీయ పురుషుల డి.ఎన్.ఎ.ను పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 29 మందికి వై క్రోమోజోములో కొన్ని ముక్కలు లోపించాయి. ఆ లోపం అద్దంలో కనిపించేది కాదు. ఏ లేహ్యమూ ఆ ముక్కను అతికించలేదు. సంతానం లేని జంటల్లో దాదాపు సగం జంటల్లో పురుషుడిలోని లోపానికి కూడా వాటా ఉంటుందని వైద్యుల అంచనా. స్త్రీకి చేసే పరీక్షలు ఎన్నో ఉన్నాయి. కొన్ని ఖర్చుతో, బాధతో కూడుకున్నవి. పురుషుడికి మొదట చేసే వీర్య పరీక్ష చవక, నొప్పి లేనిది. అయినా అది చివరికి మిగిలిపోతోంది. ఇది న్యాయమేనా? అలాగని మగవాణ్ణి కూడా నిందించమని నేననడం లేదు. జన్యువు లోపం నేరం కాదు. నింద వద్దు, ఇద్దరికీ పరీక్ష కావాలి అంటున్నాను.

ఆ పాఠం చెప్పించుకోండి

"చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకు?" అని కొందరు పెద్దలు అభ్యంతరం చెబుతారు. వాళ్ళది మంచి మనసే. కాని మనం చెప్పకపోతే పిల్లలు తెలుసుకోకుండా ఉంటారా? పుస్తకం మూస్తే గోడ తెరుచుకుంటుంది, గోడతోపాటు ఇప్పుడు సెల్‌ఫోను కూడా తెరుచుకుంటుంది. ఇలాంటి మందుల ప్రకటనలను నిషేధించే చట్టం మన దేశంలో 1954లోనే వచ్చింది. అయినా గోడలు నిండుతూనే ఉన్నాయి. చట్టం ఒక్కటే చాలదని దీన్నిబట్టి తెలుస్తోంది. కొనేవాడికి తెలివి ఉంటేనే అమ్మేవాడి ఆట కడుతుంది.

కనుక ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. గుండె పాఠం, ఊపిరితిత్తుల పాఠం ఏ గొంతుతో చెబుతారో ఇదీ అదే గొంతుతో చెప్పండి. మగపిల్లలకూ ఆడపిల్లలకూ కలిపి చెప్పండి. రేపు సూదిమందు ఎర చూపేది వాళ్ళలో కొందరికి, రేపు నింద పడేది మరికొందరికి.

విద్యార్థులారా! మీకూ ఒక పని ఉంది. ఈసారి ఆ పాఠం వచ్చినప్పుడు ఎవరూ నవ్వవద్దు, తల దించుకోవద్దు. మాస్టారు పేజీలు తిప్పబోతే లేచి నిలబడి, "ఈ పాఠం కూడా చెప్పండి మాస్టారూ, మాకు అవసరం" అని మర్యాదగా అడగండి. అడిగినవాణ్ణి చూసి నలుగురు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. పాఠం విన్నాక వాళ్ళే మీ పక్కన కూర్చుని ప్రశ్నలు అడుగుతారు.